ముందే కొట్టుకున్న గుండె

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో వంకాయలు ఏరుతుండగా హైమవతికి మొదటిసారి గుండె తడబడింది. నొప్పేమీ లేదు. ఛాతీలో దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కాసేపు ఆగాయి, మళ్లీ తోసుకుంటూ వచ్చాయి. కళ్ల ముందు మసక కమ్మింది. పక్కనున్న బంగాళాదుంపల బస్తా మీద అలాగే కూలబడింది.

సంచీ పట్టుకుని వెనకాలే నిలబడ్డ నందూ, దాన్ని కింద పెట్టేసి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బావా? బావా?" అన్నాడు.

కొట్టతను చుట్టూ చూశాడు. "ఎవర్ని పిలుస్తున్నాడమ్మా? వాళ్ల బావ ఎక్కడున్నాడు?"

నందూ అడుగుతున్నది "బావుందా?" అని. ఆ సంగతి హైమవతికొక్కదానికే తెలుసు. "బావుంది నాన్నా, బావుంది" అంది, ఊపిరి కూడదీసుకుని.

నందూ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ముప్ఫై దాటాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. మాటల్లో సగం మింగేస్తాడు. మిగిలిన సగాన్ని అతికించి అర్థం చేసుకోగలిగింది తల్లి ఒక్కతే. పోర్టులో పనిచేసే తండ్రి చాలా ఏళ్ల కిందటే పోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఇద్దరే. వాడి చొక్కా గుండీలు ఆవిడే పెడుతుంది. అన్నం ఆవిడే కలిపిస్తుంది. వీధిలో ఎవరైనా వాణ్ణి ఏదైనా అడిగితే వాడు తల్లి వంక చూస్తాడు. ఆవిడ జవాబు చెబుతుంది.

గుండె డాక్టరు ఈసీజీ కాగితం చూసి విషయం చెప్పాడు.

"ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అమ్మా. గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయి. ఎడమవైపు గదికి చిన్న సంచిలాంటిది ఉంటుంది. అక్కడ రక్తం నిలిచిపోతే గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. మానకూడదు."

ఎందుకైనా మంచిదని తలకి స్కాన్ తీయించారు. దాంతో సంగతి చిక్కుపడింది. మెదడులో అక్కడక్కడా చిన్న చిన్న చుక్కలు. ఎప్పుడో రక్తం చెమర్చి ఆగిపోయిన గుర్తులు. మెదడు డాక్టరు ఆ ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ మాత్ర వేసుకుంటే వీటిలో ఏదో ఒకటి పెద్దగా చిట్లొచ్చు" అన్నాడు.

"అయితే వేసుకోవద్దంటారా?"

"అలా అనలేను. చాలామందిని ఈ మాత్రే కాపాడుతోంది. మీ విషయంలో మాత్రం తూకం తేలడం లేదు."

గుండెలోని ఆ సంచికి మూత పెట్టే పద్ధతి కూడా ఉంది గానీ, ఆవిడ సంచి ఆకారానికి అది కుదరదని తేల్చారు. చివరికి నిర్ణయం మీదే అన్నారు ఇద్దరు డాక్టర్లూ. హైమవతి మాత్రలు కొని తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. వేసుకోలేదు. పారెయ్యలేదు.

ఆదివారం చెల్లెలు సుహాసిని వచ్చింది. ఫ్రిజ్ మీద సీలు విప్పని డబ్బా చూసింది. తల్లి పోయాక సుహాసినికి జడ వేసి బడికి పంపింది హైమవతే. ఇప్పుడు సుహాసిని రుషికొండ దగ్గర ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. పెళ్లి చేసుకోలేదు. అక్కా, నందూ, ప్రయోగశాల, ఇవే ఆమె లోకం.

"ఇన్నాళ్లూ ఒక్కటి కూడా వేసుకోలేదా అక్కా?"

"రోజూ చేతిలోకి తీసుకుంటూనే ఉన్నానే." హైమవతి బీరకాయ చెక్కు తీస్తోంది. "పక్షవాతం వస్తే నేను మంచాన పడతాను. వీడు పక్కన కూర్చుని బావా, బావా అంటుంటాడు. నేను జవాబు చెప్పలేను. అది తలుచుకుంటే వేసేసుకోవాలనిపిస్తుంది. మెదడులో ఏదో చిట్లి పొద్దున్నే లేవలేదనుకో. వీడు నన్ను లేపుతూ సాయంత్రం దాకా ఆకలితో కూర్చుంటాడు. అది తలుచుకుంటే చెయ్యి వెనక్కి పోతుంది."

నందూ హాల్లో టీవీ ముందు కూర్చుని ఎవరో నవ్వినప్పుడల్లా తనూ నవ్వుతున్నాడు.

సుహాసిని వాడి వంక చూసింది. తర్వాత మెల్లగా అంది. "మా దగ్గర జోడు ఉంది అక్కా. నీకు చేసి చూడమంటావా?"

* * *

జోడు అన్నది ప్రయోగశాలలో వాళ్లు పెట్టుకున్న పిలుపు. సుహాసిని, ఆమె పైఅధికారి సన్యాసిరావు గారు కలిసి ఎన్నో ఏళ్లు తంటాలు పడి తయారుచేశారు. మనిషి రక్తం కొంచెం తీసుకుంటారు. అందులోని కణాల్ని పుట్టుకనాటి స్థితికి వెనక్కి నడిపించి, వాటినుంచి వేలిగోరంత గుండె సంచినీ, వెంట్రుకలంత సన్నని మెదడు రక్తనాళాల్నీ పెంచుతారు. అలాంటివి రెండు సెట్లు. రెండిట్లోనూ ఆ మనిషి రక్తమే తిరుగుతుంది. ఒకదాంట్లో మాత్రం పలచబరిచే మందు కలుపుతారు. ఆ గాజుపాత్రల్లో కాలం పరిగెడుతుంది. అక్కడ వారం గడిస్తే మనిషికి నెలలు గడిచినట్టు.

కణజాలం పెరిగాక సుహాసిని అక్కనీ నందూనీ తీసుకెళ్లి చూపించింది. వెచ్చని పెట్టెలో రెండు గాజుపాత్రలు. ఒక్కోదాంట్లో చిక్కుడు గింజంత ఎర్రని ముద్ద. రెండూ వణుకుతున్నాయి, తడబడుతున్నాయి, ఆగి మళ్లీ అందుకుంటున్నాయి.

హైమవతి తన మణికట్టు మీద వేలు పెట్టుకుని చూసుకుంది. "ఇది నాదేనా?"

"నీదే. అయితే నీకంటే ముందు నడుస్తోంది."

నందూ గాజుకి మొహం ఆనించి చూశాడు. "అమ్" అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి "నొపా?" అన్నాడు.

"దానికి నొప్పి తెలీదు నాన్నా" అంది హైమవతి.

సన్యాసిరావు గారు ఆవిడకి కుర్చీ వేయించి, ఎదురుగా కూర్చున్నారు. "అమ్మా, ఇంకా దీనికి ప్రభుత్వ అనుమతి రాలేదు. ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి దాచి ఉంచిన పాత రక్తాలతో పరీక్ష చేశాం. ఆ మనుషులకి తర్వాత ఏమైందో మాకు తెలుసు. జోడు చెప్పిందీ, జరిగిందీ దాదాపు ఒకటే. అయినా బతికున్న మనిషికి ఫలితం చెప్పడం ఇదే మొదలు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి. పాత్రలు ఆపేస్తాం."

"ఆపొద్దండీ" అంది హైమవతి. "నాకు వాడొకడున్నాడు. ముందు తెలిస్తే మంచిదే కదా."

మందు కలపని పాత్రలో మూడో వారానికే సంచి అంచున నల్లటి పొర కనిపించింది. రెండు రోజుల్లో అది గడ్డయింది. ఒకనాడు మధ్యాహ్నం విడివడి నాళంలోకి కొట్టుకుపోయి అడ్డం పడింది. దాని అవతల నాళాలన్నీ పాలిపోయాయి. మందు కలిపిన పాత్ర శుభ్రంగా నడుస్తూ వచ్చింది. సుహాసిని ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో, ఏడో వారం దాటాక, ఒక సన్నని నాళం గోడ ఉబ్బింది. ఆమె పెట్టె ముందు నిలబడి ఉండగానే అది చిట్లింది. ఎర్రటి రంగు గాజులో మెల్లగా పాకింది.

మొదటి పాత్రలో జరిగింది మనిషి లెక్కలో ఆరు నెలల లోపు. రెండో పాత్రలో జరిగింది ఏడాది పైన కొంచెం.

సన్యాసిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. "నేను చెప్పనా?" అన్నారు చివరికి.

"వద్దు సార్. నేనే చెబుతాను."

ఆ రోజు హైమవతి డాబా మీద ఒడియాలు ఎండబెడుతోంది. సుహాసిని మెట్లెక్కి వచ్చి నిలబడింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది.  అక్క ఆమె మొహం చూసి, చేతిలోని పిండి గిన్నె కింద పెట్టింది.

"రెండూ ఆగిపోయాయా?"

సుహాసిని తలూపింది.

"ఏది ముందు?"

"మందు లేనిది."

"రెండోది ఎంత నిలబడింది?"

"ఏడాది. కాస్త ఎక్కువే. కానీ అక్కా, అది అంచనా మాత్రమే. తేదీ కాదు. నువ్వు గాజుపాత్రవి కాదు కదా..."

హైమవతి మిగిలిన పిండిని గుడ్డ మీద ఒడియాలుగా పెట్టడం పూర్తి చేసింది. చెయ్యి కడుక్కుంది. కిందికి వెళ్లి, ఫ్రిజ్ మీది డబ్బా సీలు విప్పి, ఒక మాత్ర మింగి నీళ్లు తాగింది.

"ఏడాది ఇస్తుందన్న మాట" అంది. "వాడికి నేర్పడానికి ఏడాది చాలదంటావా?"

* * *

గుండీలతో మొదలుపెట్టింది. నందూ వేళ్లు పొట్టివి. గుండీ చిల్లులోకి దూరేసరికి చెమటలు పట్టేవి. ఇదివరకైతే ఆవిడ చటుక్కున అందుకుని పెట్టేసేది. ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడేది. వాడు సాయం కోసం చూస్తే కిటికీ వైపు మొహం తిప్పుకునేది. నెల తిరిగేసరికి వాడు పై గుండీ తప్ప అన్నీ పెట్టుకున్నాడు. "అయీ!" అని కేకపెట్టి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. హైమవతికి వాణ్ణి దగ్గరికి లాక్కోవాలనిపించింది. "సరే, బావుంది" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అన్నం కలుపుకోవడం, స్నానం, పక్క మడతపెట్టుకోవడం అన్నీ వచ్చాయి. మాటే రాలేదు. ఎవరు అడిగినా వాడు తల్లి వంకే చూసేవాడు. దానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. కనిపెట్టిన రోజున అన్నం తినలేకపోయింది కూడా. వాడు సగం మాట అంటే అర్థం కానట్టు నటించడం మొదలుపెట్టింది.

"నీ" అన్నాడు నందూ.

"ఏంటి?"

"నీ. నీ." దాహంతో పెదాలు తడుపుకున్నాడు.

"ఏంటో నాకు తెలీడం లేదు నందూ. సరిగ్గా చెప్పు."

వాడు ఆమెని వింతగా చూశాడు. పుట్టినప్పట్నుంచీ ఆమెకి తెలియని మాట వాడి నోట రాలేదు. చెంపలు ఎర్రబడ్డాయి. నేల మీద కూర్చుని కాళ్లు బాదుకుంటూ ఏడ్చాడు. ఆవిడ స్టవ్ వైపు తిరిగి, ఏమీ లేని బాణలిలో గరిటె తిప్పుతూ నిలబడింది. చాలాసేపటికి వెనకనుంచి వినిపించింది. "నీళ్... లు."

ఆవిడ గ్లాసు నింపి అందించింది.

మాత్ర రోజూ వేసుకుంటూనే ఉంది. బల్లకి తగిలిన చోటల్లా చేతి మీద నీలి మచ్చలు తేలేవి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ కూర్చుని, నందూ పేరు, తన పేరు, ఇంటి నంబరు పైకి చెప్పుకుని చూసుకునేది. అన్నీ సరిగ్గా పలికితే లేచి పని చేసుకునేది.

వేసవి దాటాక వాణ్ణి భీమిలికి తీసుకెళ్లింది. అక్కడ సముద్రానికి ఎగువన ఒక పాత పెంకుటింట్లో నందూ లాంటి పెద్దవాళ్లు పదిమంది దాకా కలిసి ఉంటారు. పెరట్లో మొక్కల నర్సరీ ఉంది. అందరూ ఏదో ఒక పని చేస్తారు. ఇంటి పెత్తనం గౌరమ్మది. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చిన మనిషి. గొంతు పెద్దది.

"రా బాబూ, రా. ఈ సంచుల్లో మట్టి నింపాల. ఒచ్చా నీకు? రాకపోతే నేన్నేర్పుతాను" అంది నందూ భుజం మీద చెయ్యివేసి.

మొదట్లో వారానికి రెండు రోజులు ఉంచింది. తర్వాత నాలుగు. దసరా అయ్యాక పూర్తిగా అక్కడే. తను వెళ్లడం క్రమంగా తగ్గించింది. నందూ పొద్దున్నే బట్టల సంచీ సర్దుకుని గేటు దగ్గర అరుగు మీద కూర్చునేవాడని గౌరమ్మ ఫోనులో చెప్పేది. "అన్నానికి పిలిస్తే రాడమ్మా. అమ్ వత్తాది, అమ్ వత్తాది అంతాడు. ఒకపాలి వొచ్చి కనపడి ఎల్లిపోరాదా?"

"వద్దు గౌరమ్మా. అలవాటు పడాలి."

మాఘమాసంలో వాడికి జ్వరం వచ్చింది. హైమవతి ఆటో మాట్లాడుకుని మిట్టమధ్యాహ్నం భీమిలి వెళ్లింది. గేటు దాకా నడిచింది. లోపలి గదిలోంచి వాడి గొంతు వినిపిస్తోంది. "అమ్మా" అంటున్నాడు. ఇదివరకు ఎప్పుడూ రెండో అక్షరం పలకలేదు. ఇప్పుడు స్పష్టంగా, ఎవరికైనా అర్థమయ్యేలా పిలుస్తున్నాడు. ఆవిడ ప్రహరీ గోడకి వీపు ఆనించి నిలబడిపోయింది.

గౌరమ్మ నీళ్ల బిందెతో బయటికి వచ్చి చూసింది. "ఏటమ్మా ఇక్కడ నిలబడిపోనారు? లోపలికి రండి. బాబు మిమ్మల్నే పిలుస్తన్నాడు."

"నేను లోపలికొస్తే రేపూ పిలుస్తాడు. ఎల్లుండీ పిలుస్తాడు. నేను లేని రోజున ఎవరొస్తారు గౌరమ్మా?"

"నేని రోజు సంగతి అప్పుడు సూసుకుందుం. ఉన్న రోజున తల్లి రాకపోతే ఎలగమ్మా?"

హైమవతి గోడ దగ్గర్నుంచి కదల్లేదు. లోపల ఆ పిలుపు ఆగి, నిద్రపోయాడని తెలిసేదాకా అక్కడే ఉండి, అదే ఆటోలో తిరిగి వచ్చేసింది.

సంగతి తెలిసి సుహాసిని మండిపడింది. "నీకు పిచ్చి పట్టిందా అక్కా? నూటమూడు జ్వరంతో ఉన్నవాణ్ణి గోడ అవతల నిలబడి వింటావా?"

"పిచ్చి కాదే. నువ్వు చెప్పిన ఏడాది అయిపోవస్తోంది."

"నేను అంచనా అన్నాను!"

"అంచనా అన్నావు. కానీ డాబా మీదికొచ్చినప్పుడు నీ మొహం అంచనాలా లేదు సుహా." హైమవతి గొంతు పెంచలేదు. "నేను పోయాక వాడు గేటు దగ్గర కూర్చుంటే ఎన్నాళ్లు కూర్చుంటాడు చెప్పు? నేను రానని ఎవరు చెబితే నమ్ముతాడు? నేను ఉండగానే ఆ కూర్చోవడం అయిపోవాలి. ఆ ఏడుపేదో నేనుండగానే ఏడ్చెయ్యాలి."



కొన్నాళ్లకి గౌరమ్మ ఫోను చేసింది. ఆమె గొంతు ఎప్పటిలా పెద్దగా లేదు. "బాబు గేటు కాడికి ఎల్లడం మానీసినాడమ్మా. శుభ్రంగా తింతన్నాడు. మాటలు బాగా వొచ్చీసినాయి."

"మంచిది" అంది హైమవతి. ఫోను పెట్టేసి, వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది.

* * *

జోడు చెప్పిన గడువు వచ్చింది. హైమవతి బీరువా తాళాలు చెల్లెలికిచ్చేసింది. పాలవాణ్ణి మాన్పించింది. రోజూ పడుకునే ముందు ఇల్లంతా తుడిచి, ఉతికిన చీర కట్టుకుని పడుకునేది. పొద్దున్నే మెలకువ వచ్చేది. గడువు దాటింది. ఇంకో నెల, ఇంకో రెండు నెలలు. మళ్లీ వేసవి వచ్చింది. పాలవాణ్ణి మళ్లీ పిలిచింది.

స్కాన్ తీయించారు. మెదడు డాక్టరు పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూశాడు. పాత చుక్కలు పాతవిగానే ఉన్నాయి. కొత్తది ఒక్కటీ లేదు. గుండె డాక్టరు స్కాన్‌లో గుండె సంచి చూశాడు. గడ్డ లేదు. "మాత్ర బాగా పనిచేస్తోంది. బీపీ కూడా అదుపులో ఉంది. ఇలాగే కానివ్వండి" అన్నాడు.

సుహాసినికి సంతోషించడానికి కూడా భయమేసింది. ఎక్కడ తప్పిందో వెతకడానికి ప్రయోగశాలలో పాత లెక్కలన్నీ తిరగేసింది. దొరికింది మామూలు విషయమే. అంత మామూలుది కాబట్టే ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. జోడుని సరిచూసుకున్నది ఆస్పత్రులు దాచిన రక్తాలతో. పక్షవాతంతోనో, మెదడులో రక్తస్రావంతోనో ఆస్పత్రికి తిరిగొచ్చిన వాళ్ల రక్తాన్నే వాళ్లు దాచారు. అదే జబ్బుతో, అదే మాత్ర వేసుకుని, ఏమీ కాకుండా ఇంట్లో ఉండిపోయిన వాళ్లు ఎందరో. వాళ్ల రక్తం ఎవరూ దాచలేదు. వాళ్ల నాళాలు కూడా ఎక్కడో ఒకచోట ఉబ్బే ఉంటాయి, శరీరం అతుకు వేసుకునే ఉంటుంది. ఆ అతుకు సంగతి గాజుపాత్రకి తెలీదు.

సన్యాసిరావు గారు విని, ఆ లెక్కలు తనూ తిరగేసి చూశారు. "ప్రమాదాలే చూపించి పెంచాం దాన్ని" అన్నారు. "అదీ ప్రమాదాలే చెప్పింది." ఆ సాయంత్రం పెట్టెల్లో నడుస్తున్న జోడులన్నిటినీ ఆయనే స్వయంగా ఆపేశారు.

సుహాసిని అక్క దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

"అయితే మాత్ర వేసుకోకపోయినా ఏం కాకపోయేదా?" అని అడిగింది హైమవతి.

"అలా చెప్పలేం. నీ వయసుకీ, నీ గుండెకీ మాత్ర లేకపోతే భయమే. అది మాత్రం ఆపకు."

"నాకింకా ఎన్నాళ్లుంది?"

"ఎవరికీ తెలీదు అక్కా."

"అందరికీ లాగే అన్న మాట." హైమవతి లేచి నిలబడింది. నవ్వబోయింది గానీ అది నవ్వులా రాలేదు. "పద. వాణ్ణి తెచ్చేసుకుందాం."

* * *

ఇద్దరూ వెళ్లేసరికి నందూ పెరట్లో నల్ల సంచుల్లోకి మట్టి ఎత్తుతున్నాడు. చొక్కా గుండీలన్నీ, పైదాంతో సహా, పెట్టుకుని ఉన్నాడు. కాస్త సన్నబడ్డాడు. గౌరమ్మ "బాబూ, ఎవరొచ్చినారో సూడు" అని కేకేసింది.

వాడు తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. హైమవతికి అందులో అనుమానం లేదు. వాడి కళ్లలో ఏదో వెలిగి, వెంటనే ఆగిపోవడం ఆమె స్పష్టంగా చూసింది. వాడు పార పక్కన పెట్టాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి ఆమె ముందు వేశాడు.

"కూర్చోండి" అన్నాడు.

పూర్తి మాట. ఒక్క అక్షరం మింగలేదు.

సుహాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గౌరమ్మ గబగబా అంది. "ఇంటికి ఎవరొచ్చినా అలగే అనాలని నేనే నేర్పినానమ్మా. సుట్టాలొచ్చినా, మొక్కలకొచ్చినోళ్లైనా..."

హైమవతి కూర్చుంది. వాడు స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. "నీళ్లు తాగండి."

"నాన్నా" అంది ఆవిడ. గ్లాసు పట్టుకున్న వాడి చెయ్యి పట్టుకుంది. "నేను అమ్మని. నన్ను అండీ అంటావేంట్రా?"

వాడు చెయ్యి లాక్కోలేదు. ఆమె వదిలేదాకా అలాగే ఉంచాడు, డాక్టరుకి చెయ్యి ఇచ్చినట్టు.

"మనింటికెళ్దాం. నీ మంచం అక్కడే ఉంది. నీకిష్టమైన బెల్లం పొంగడాలు చేస్తాను. అమ్మ ఇంకెక్కడికీ వెళ్లదు."

నందూ ఆలోచించాడు. తల వంచుకుని తన గోళ్లలో ఇరుక్కున్న మట్టి చూసుకున్నాడు.

"పని ఉంది" అన్నాడు.

"రేపు వెళ్దామా పోనీ?"

"రేపు పని ఉంది."

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని హైమవతికి అనిపించింది. అలిగి, కాళ్లు నేలకి బాది, సగం సగం మాటలతో తిడితే ఎలా బుజ్జగించాలో ఆవిడకి తెలుసు. ఈ మర్యాద ఆవిడకి తెలియనిది.

వాడు పెరట్లోకి వెళ్లిపోయాక గౌరమ్మ పక్కన చతికిలబడింది. "మరిసిపోనేదమ్మా. ఆ జొరం తగ్గినాక మీ పేరెత్తితే తలొంచీసుకుంతాడు. బలవంతంగా అట్టుకెల్తే వత్తాడు గానీ..."

"వద్దు" అంది హైమవతి. "ఒకసారి బలవంతంగానే తెచ్చి వదిలాను."

వచ్చేటప్పుడు నందూ గేటు దాకా సాగనంపాడు. అరుగు దగ్గర ఆగి, కిందికి చూపించాడు.

"మెట్టు ఉందండీ. జాగ్రత్త."

బస్సులో సుహాసిని అక్క భుజం మీద తల పెట్టుకుని "నా వల్లే అక్కా" అంది.

"నువ్వు చూసింది చెప్పావు. వినాల్సిన దానికంటే ఎక్కువ నేను విన్నాను." హైమవతి కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఉంది.  "వాడు మాత్రం నేను నేర్పింది నేర్పినట్టు నేర్చుకున్నాడే. పైగా వాడికి ఏదీ రాదనేవాళ్లు."

శ్రావణంలో ఆవిడ విశాఖ ఇల్లు అద్దెకిచ్చేసి, భీమిలిలో ఆ పెంకుటింటికి రెండు వీధుల అవతల ఒక గది తీసుకుంది. ఆస్పత్రి దూరమవుతుందని సుహాసిని భయపడింది. మాత్ర ఎక్కడైనా దొరుకుతుందని ఆవిడ అంది. రోజూ పొద్దున నర్సరీకి వెళుతుంది. గౌరమ్మ కూరగాయలిస్తే తరుగుతుంది. కత్తిపీటతో వేలు తెగితే రక్తం ఆగడానికి చాలాసేపు పడుతుంది. గుడ్డ చుట్టుకుని, గట్టిగా నొక్కిపెట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి నందూ అది చూసి లోపలికి పరిగెత్తి దూది తెచ్చాడు. ఆమె చేతిలో పెట్టి, ఆగాడు. పెదాలు కదిలాయి. ఏదో అడగబోతున్నాడని హైమవతి ఊపిరి బిగబట్టింది. వాడు అడగలేదు. మట్టి పనికి వెళ్లిపోయాడు.

సుహాసిని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. "ఏమైనా మార్పు ఉందా అక్కా?"

"లేదే."

"ఎన్నాళ్లు పడుతుందో."

"ఏమో. ఈసారి ముందు చూసి చెప్పకు."

ఇప్పటికీ హైమవతి గేటు తీసుకుని లోపలికి రాగానే నందూ పార పక్కన పెడతాడు. చేతులు కడుక్కుంటాడు. కుర్చీ తెచ్చి నీడలో వేసి, "కూర్చోండి" అంటాడు.

ఆవిడ కూర్చుంటుంది.